మంచుపట్నం కావలివాడు

మేకను అమ్ముకొస్తానని సోంబరు డుంబ్రిగుడ సంతకు బయల్దేరాడు. సాయంత్రానికి మేక ఇంటికొచ్చింది. సోంబరు రాలేదు.

ఇది పందొమ్మిది వందల ఇరవైలో, చోళ్ల, అంటే రాగుల, కోతలు అయిపోయిన రోజుల్లో జరిగింది. సోంబరు పెళ్లాం కనక మేకను కట్టేసి, అంబలి కాచి, వాకిట్లో కూర్చుంది. మర్నాడు వాళ్ల ఊరు పనసగుడలో మగవాళ్లంతా టంగీ గొడ్డళ్లు పట్టుకుని అడవిలో వెతికారు. పులి ఎత్తుకుపోయి ఉంటే గోచీ అయినా దొరకాలని పెద్దలు అన్నారు. గోచీ దొరకలేదు. కొన్నాళ్లకు అనంతగిరి నుంచి వచ్చినవాడెవడో అసలు సంగతి చెప్పాడు. ఆసాం తేయాకు తోటలకు మనుషుల్ని తోలుకుపోయే సర్దారు ఒకడు మైదానానికి పోయే ఘాటీ దిగుతుంటే, అతని వెనక సోంబరు కూడా దిగుతూ కనిపించాడట. చేతులు కట్టేశారా అని అడిగితే, లేదు, ఊపుకుంటూ నడుస్తున్నాడు అన్నాడు.

మా తాతగారు గణపతిరావు శృంగవరపుకోట నుంచి ఎడ్ల మీద ఉప్పు కొండలెక్కించి సంతల్లో అమ్మేవారు. దిగేటప్పుడు పసుపు, పిప్పళ్లు, వలిసె నూనెగింజలు తెచ్చేవారు. కనక సంగతి సగం ఆయన నోట విన్నాను. మిగతా సగం కనక కూతురు సుక్రి తన ముసలితనంలో చెప్పింది. ఇద్దరి మాటలూ ఒక్క విషయంలో తప్ప అన్నింటా కలిశాయి. ఆ ఒక్కటీ మా తాతగారు రాసిన పద్యాల గురించి. అక్కడికి తర్వాత వస్తాను.

సోంబరు వెళ్లేటప్పటికి సుక్రి ఇంకా పాకుతోంది. కనక పోడు కొట్టింది, పసుపు తవ్వింది, మేకల్ని మేపింది. మాట్లాడ్డం తక్కువ. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం చోళ్లు దంచే చోట చేరినప్పుడల్లా ఒకే ప్రశ్న వేసేవాళ్లు.

"కనకా, మీ ఆయన కబురేటైనా వచ్చిందేటే?"

"నేదప్పా."

ఇలా ఒక వానాకాలం గడిచింది. రెండో వానాకాలంలో ఒకనాడు, ఆ ప్రశ్న వస్తుందని తెలిసి, రాకముందే కనక గొంతెత్తి పాట మొదలుపెట్టింది. పాడే మనిషిని ఎవరూ ఏమీ అడగరు గదా. అప్పటికప్పుడు నోటికి వచ్చింది పాడింది.

రాయి కింద ఊరుందమ్మ, ఊరి నిండా ఎన్నెలమ్మ
రోలు తానే దంచునమ్మ, రోకలికి రెక్కలమ్మ

వాగు మధ్యలో చాపలా పరుచుకున్న పెద్ద బండ ఒకటి ఆ ఊరి పక్కనే ఉంది. ఆడవాళ్లు దానిమీద బట్టలు ఉతుక్కునేవాళ్లు. ఆ బండే పట్నానికి పైకప్పు అని కనక పాటలో చెప్పింది. కింద ఎప్పుడో పూర్వకాలంలో పెద్ద పట్నం ఉండేదట. ఎలుగుబంట్లు నాగలి దున్నేవట. ఏరు కిందికి కాక కొండమీదికి పారేదట. వెదురు బొంగుల్లో మిణుగురులు పోసి దీపాలుగా వేలాడదీసేవారట. చంద్రుడు జీలుగు కల్లు తాగడానికి దిగివచ్చి, ఎక్కువై, ఎవరో ఒకరి పంచన పడుకునేవాడట. ఉప్పు కొనే పనే లేదట. గోడ నాకితే సరిపోయేదట.

ఆ ఉప్పు చరణం మా తాతగారికి నచ్చలేదు.

మొదటిరోజు ఆడవాళ్లు నవ్వారు. రెండోరోజు, చంద్రుడు ఇంకా ఏం చేశాడని అడిగారు. మూడోరోజుకు సోంబరు కబురు అడగడం మానేశారు. కనక కోరుకున్నది అంతే. కానీ పాట ఆగితే మళ్లీ ఆ ప్రశ్న వస్తుందేమోనని దాన్ని సాగదీస్తూ పోయింది. పట్నానికి వీధులు వచ్చాయి. వీధులకు పేర్లు వచ్చాయి. ఒక వీధిలో అందరూ మొక్కజొన్న పొత్తుల్లా పచ్చటి జుట్టుతో పుట్టేవారు. ఇంకో వీధిలో ముసలివాళ్లు ఏటికేడు చిన్నవాళ్లై, చివరికి మనవల చంకనెక్కి తిరిగేవారు.

దంచే చోట పుట్టిన పాట నాట్లకు వెళ్లింది, నాట్ల నుంచి సంతకు వెళ్లింది, సంత నుంచి ఎవరి కొండకు వాళ్లు పట్టుకెళ్లారు. మొదట్లో ఆ పట్నానికి పేరు లేదు. డుంబ్రిగుడ సంతలో ఎవరో మంచుపట్నం అన్నారు. అదే నిలిచింది.

అడ్డతీగల వైపు తెల్లదొరల మీద పితూరీ నడుస్తున్న రోజులవి. కొండల్లో ఎక్కడ నలుగురు చేరినా పోలీసులు చూసిపోయేవారు. ఒక జవాను సంతలో ఈ పాట విని, ఆ పట్నానికి రాజెవరని అడిగాడు. రాజు లేడన్నారు. మళ్లీ రాబోతున్నాడా అని అడిగాడు. ముందసలు ఎప్పుడూ లేడన్నారు. అతను స్థిమితపడి, మిణుగురుల చరణం ఇంకోసారి పాడించుకుని వెళ్లాడు.

అన్ని అందాలున్న పట్నం ఎందుకు లేకుండా పోయిందో మాత్రం చాలాకాలం పాటలో లేదు. అది ఎలా చేరిందో సుక్రి చెప్పింది. ఆసాం వెళ్లినవాళ్లలో ఒకడు జబ్బు చేసి తిరిగొచ్చాడు. కనక వాడి ఊరికి నడిచివెళ్లి సోంబరు గురించి అడిగింది.

"బాగున్నాడు. ఒల్లు సేసినాడు. పిల్లంగోయి కూడా ఊదుతున్నాడు," అన్నాడు వాడు.

"మా గురించేటైనా అన్నాడా?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. "మేక ఇంటికి సేరిందో నేదో అన్నాడు ఓసారి."

కనక తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే పాటకు కొత్త చరణం కట్టింది.

తలుపు కాడ కావలోడు, తెగిన సెవి కావలోడు
సంతకెల్లి వత్తానని తలుపు తీసి ఒగ్గెల్లాడు
మంచు లోన కొచ్చెనమ్మ, మనుసులంత రాల్లయిరమ్మ

సోంబరుకు ఎడమచెవి తమ్మె తెగి ఉంటుంది. చిన్నప్పుడు పోగు కొమ్మకు తగులుకుని తెగింది. పనసగుడలో ఆ సంగతి అందరికీ తెలుసు. వాళ్లు ఆ చరణం విని ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. మిగతా కొండల్లో సోంబరు ఎవరో తెలియదు. అక్కడివాళ్లకు అది ఉత్త కావలివాడి చెవి. ఆ చరణంతో పాట ఒక్కసారిగా ఊపందుకుంది. అంతకుముందు పాట విని జనం సంతోషించేవారు. ఇప్పుడు కోపం తెచ్చుకున్నారు. కోపం తెప్పించిన పాట ఎక్కువ దూరం పోయింది. మా తాతగారు పాడేరులో విన్నారు, ఒడియా మాటలతో కలిపి ఘాటీకి అవతల కూడా విన్నారు. ప్రతిచోటా పట్నం కొంచెం మారింది కానీ, కావలివాడి చెవి ఎక్కడా మారలేదు.

ఇరవై ఏడులో సోంబరు తిరిగొచ్చాడు. కాళ్లకు బూట్లు, చేతిలో నల్ల గొడుగు. ఊరి బయట గట్టుమీద ఒక గుంట, ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల, మేకల్ని మేపుతూ పాడుతోంది. సోంబరు నిలబడి విన్నాడు. ఎలుగుబంట్ల చరణం విని నవ్వాడు. ఆ గుంట తర్వాతి చరణం ఎత్తుకుంది. తెగిన సెవి కావలోడు అనగానే అతని చెయ్యి దానంతటదే చెవి మీదికి వెళ్లింది. ఆ గుంట అటు చూసింది.

"నీకూ తెగిందేటి సెవి?" అంది.

"ఊఁ."

"నువ్వు కావలోడివేటి?"

"కాదు. ఎవులమ్మాయివే నువ్వు?"

"కనక కూతుర్ని."

సోంబరు గొడుగు ముడిచాడు, మళ్లీ తెరిచాడు. ఎండ లేదు, వాన లేదు. "మీ అయ్య ఎక్కడున్నాడు?" అని అడిగాడు.

"సంతకెల్లినాడు," అంది సుక్రి. ఆమెకు ఎవరడిగినా అలాగే చెప్పమని నేర్పారు.

ఇంటికొచ్చేసరికి కనక పసుపు కొమ్ములు ఉడకేస్తోంది. అతన్ని చూసింది. కర్రతో కుండలో ఇంకోసారి కలియబెట్టింది.

"వచ్చినావా?" అంది.

"వచ్చినాను."

"ఆ పంచన కూకో. పొగొత్తాది ఇటు."

సోంబరు కూర్చున్నాడు. అడగాల్సినవీ చెప్పాల్సినవీ చాలా ఉన్నాయి. అన్నీ వదిలేసి, "కనకా, ఏటీ పాట?" అన్నాడు.

"ఏ పాట?"

"గుంట పాడతాది. తెగిన సెవి అంట, కావలోడంట. అనంతగిరి కాడ ఇన్నాను, ఘాటీలో ఎడ్లు తోలేవోల్లు పాడతన్నారు. ఎవుడో అనుకున్నాను. నానేటి పట్నానికి పట్నం నాశినం సేసేసినాను?"

"నీ పేరు నేదు గదా అందులో."

"సెవి ఉంది గదా!"

కనక కుండ దించింది. అంబలి పోసి ఇచ్చింది. పక్క మాత్రం పశువుల పాకలో వేసింది. ఎందుకని అతను అడగలేదు.

ఆ తర్వాత వారం అంతా సోంబరు ఒకే మాట పట్టుకున్నాడు. పాట మార్చాలి. వీధిలో పిల్లలు అతని వెనక పడి తలుపెయ్యి, తలుపెయ్యి అని అరుస్తున్నారు. ఇంటింటా ముసలమ్మలు అతను బయటికి వెళ్తుంటే తడక మూసివెళ్లమని గుర్తుచేస్తున్నారు. చివరికి కనక, "సరే, మారుత్తాను," అంది. ఆమెకు అది పెద్ద పని కాదు. కట్టినది తనే గదా. కావలివాడు తలుపు వదిలి వెళ్లలేదనీ, ఏనుగొకటి వచ్చి తలుపు పీకేసిందనీ మార్చింది. చెవి కూడా ఆ ఏనుగుతో పోట్లాడుతుంటే తెగిందని చేర్చింది. సోంబరుకు చాలా నచ్చింది.

ఇద్దరూ కలిసి డుంబ్రిగుడ సంతకు వెళ్లారు. చింతపండు అమ్మే ఆడవాళ్ల దగ్గర కూర్చుని కనక కొత్తపాట ఎత్తుకుంది. ఏనుగు రాగానే చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోయారు.

"తప్పు పాడతన్నావు," అంది ఒకామె.

"తప్పేటి? ఇదే పాట."

"ఏనుగు నేదే. తెగిన సెవోడు సంతకెల్తాడు."

"నానే కట్టినాను ఈ పాట," అంది కనక.

ఆమెను అందరూ కిందనుంచి పైదాకా చూశారు. ఒక పండు ముసలమ్మ జాలిపడి, "ఎవులూ కట్టనేదమ్మా. మా అమ్మమ్మ పాడేది నా సిన్నప్పుడు. నువ్వు సరిగ్గా నేర్సుకోనేదు, అంతే. కూకో, నేర్పుతాను," అంది.

కనక కూర్చుంది. ముసలమ్మ ఆమె పాటను మొదటినుంచి చివరిదాకా ఆమెకు నేర్పింది. నేర్పేటప్పుడు, కనక ఎప్పుడూ కట్టని వీధి ఒకటి కూడా పాడింది. అందులో చనిపోయినవాళ్లు ఇళ్లు మారతారే గానీ ఊరు వదిలిపోరు. ఆ వీధి బాగుందని దారిలో కనక అంది.

పాడేరు వైపు సంతలోనూ ఇదే జరిగింది. అక్కడ ఏనుగును ఇంకా గట్టిగా తరిమారు.

అప్పుడు సోంబరు మా తాతగారి దగ్గరకు వచ్చాడు. తాతగారికి పద్యాల పిచ్చి ఉందని కొండల్లో తెలుసు. ఉప్పు తూచేటప్పుడు పక్కన నిలబడినవాళ్లకు అది తప్పేది కాదు.

"సావుకారి బాబూ, తమరు పద్దెం కట్టాల. కావలోడు మంచోడని కట్టాల."

"కడతానోయ్. కానీ ఉప్పు సంగతి తీసేస్తాను, నీకేమైనా అభ్యంతరమా?"

"నాకేటి బాబూ, తీసీయండి."

తాతగారు రెండు వారాలు కష్టపడి మంచుపట్నం మీద సీసపద్యాలు రాశారు. అందులో కావలివాడు నిజానికి గంధర్వుడు. ఇంద్రుడి కొలువులో నాట్యం జరుగుతుండగా ఆవులించినందుకు శాపం తగిలి, భూలోకంలో ఒక పట్నానికి కావలి కాయవలసి వస్తుంది. శాపకాలం తీరగానే విమానం వస్తుంది. ఎక్కి వెళ్లిపోతాడు. తలుపు వెయ్యడం ఆయన పని కాదు. చెవి తెగడం గురించి తాతగారు ఒక పద్యం విడిగా రాశారు. అందులో చెవి తెగలేదు, కల్పవృక్షపు చిగురులా చీలింది. ఆ పద్యాలు అమోఘమని తాతగారు చివరిదాకా అనేవారు. గణాలు తప్పలేదు గానీ పాడుకోడానికి ఏమీ లేదని సుక్రి అనేది. నేను చదివాను. సుక్రి మాటే సరి.

తర్వాతి సంతలో తాతగారు ఉప్పు బస్తా మీద నిలబడి రాగం తీసి చదివారు. జనం మర్యాదగా విన్నారు. సోంబరు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. గంధర్వుడనే మాట వచ్చినప్పుడల్లా గడ్డం కొంచెం పైకెత్తాడు. అంతా అయ్యాక ఒకతను ముందుకొచ్చి, "బాబూ, పాట ఎప్పుడు మొదలెడతారు?" అన్నాడు.

పద్యాల వల్ల జరిగిందల్లా ఒక్కటే. గొడుగు కింద నిలబడ్డ మనిషి చెవి ఎలా ఉందో సంతలో ప్రతివాడూ చూశాడు. కావలివాడు బతికే ఉన్నాడు, పనసగుడలో ఉన్నాడు అని కబురు కొండలన్నీ తిరిగింది. ఆ తర్వాత జనం అతన్ని చూడ్డానికి రాసాగారు. కొందరు తిట్టేవారు, కొందరు దణ్ణం పెట్టేవారు. కొందరు తలుపు ఎటువైపు ఉండేదని అడిగి, అతను చెప్పకపోతే, చెప్పకూడదు కాబోలని తృప్తిగా వెళ్లేవారు. పండగకు ధింసా ఆడేటప్పుడు డప్పులవాళ్లు అతని ముందు ఆగి ఒక దెబ్బ ఎక్కువ వేసేవారు. సోంబరు సంతకు వెళ్లడం మానేశాడు. కానీ కనక పసుపు బరువు ఒక్కతే మొయ్యలేక, మాఘమాసంలో ఒకసారి అతన్ని వెంటబెట్టుకుని వెళ్లింది.

ఆరోజు భీముడనే ముసలివాడు వచ్చాడు. ఎక్కడో పాడేరు అవతలి కొండల నుంచి కర్ర ఊతంతో నడిచి వచ్చాడట. జ్వరాలొచ్చిన ఏడు అతని ఇంట్లో వాళ్లంతా పోయారు. తనొక్కడే మిగిలాడు. అతను సోంబరు ఎదుట చతికిలబడి చెవి చూశాడు. కోపంగా లేడు. దారి అడిగినట్టుగా అడిగాడు.

"అయ్యా, మా ముత్తాతలు ఆ పట్నపోల్లేనంట. నువ్వు తలుపేసుంటే మా వోల్లందరూ అక్కడే ఉందురు గదా. అక్కడ సచ్చినోల్లు కూడా ఇల్లు మారతారంట గానీ ఊరొగ్గిపోరంట. నాకొక్కటే సెప్పు. ఎందుకెల్లినావు?"

సోంబరు, నేను కావలివాణ్ణి కాను అనబోయాడు. అప్పటికి ఆ మాట వందమందికి చెప్పి ఉంటాడు. ముసలివాడి ముఖం చూసి ఆ మాట నోట రాలేదు.

"రైలు సూద్దారని ఎల్లినాను తాతా," అన్నాడు.

"ఏటది?"

"ఇల్లు లాంటిది. తానే నడుస్తాది. సర్దారు సెప్పినాడు, అబద్దం అనుకున్నాను. సూసొచ్చేద్దారి, సీకటి పడకముందే ఇంటికి పోదారి అనుకున్నాను. మేకని ఘాటీ కాడ ఒగ్గేసినాను, దారి దానికి తెలుసుగదాని. దూరమెంతో నాకు తెల్దు. అక్కడికెల్లి సూసినాను. నిజమే. లోన ఎలగుంటాదోనని ఎక్కినాను. ఎక్కినాక కదిలిపోనాది."

చుట్టూ జనం చేరారు.

"దిగలేకపోనావా?" అన్నాడు భీముడు.

"దిగేసరికి ఆసాం వచ్చేసింది. అక్కడ ఏలిముద్ర ఏయించుకున్నారు, మూడేల్లు కదలనియ్యనేదు. తరవాత రావొచ్చు. కానీ ఏ ముకం ఎట్టుకుని వత్తాను? ఈ ఏడు సిగ్గేసింది. పై ఏడు ఇంకా సిగ్గేసింది. నా గుంటకి నడక వచ్చేసుంటాది, మాట వచ్చేసుంటాది అనుకునేవాడిని. అలగే ఉండిపోనాను."

భీముడు తల ఊపాడు. "రైలు బాగుందేటి?" అని అడిగాడు.

"బాగుంది తాతా."

"అదీ మంచిదే," అని ముసలివాడు కర్ర అందుకుని లేచాడు.

పసుపు బుట్ట వెనక కూర్చున్న కనక ఇదంతా విన్నది. అతను వచ్చి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆమె ఎప్పుడూ అడగలేదు, అతను ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికి వెళ్లే దారిలో సోంబరు బుట్ట అందుకోబోతే ఇచ్చింది.

కొన్నాళ్లకు చోళ్లు దంచుతూ కనక ఇంకో చరణం పాడింది.

సంత ముగిసె, తిరిగొచ్చె, తలుపు ఏది, తలుపు ఏది
మంచు తడిమి మంచు తడిమి, తట్టుతాడు కావలోడు

ఇది సంతలో పాడినప్పుడు ఎవరూ తప్పుపట్టలేదు. ఈ చరణం పాతదేననీ, మధ్యలో ఎవరో మరిచిపోయారనీ అందరూ అనుకున్నారు. కనకకు పాట నేర్పిన ముసలమ్మ, మా అమ్మమ్మ ఇక్కడికి వచ్చేసరికి ఏడ్చేది అని కూడా చెప్పింది. ఆ తర్వాత సోంబరును చూడ్డానికి వచ్చేవాళ్లు తిట్టడం తగ్గించారు. కొందరు అరటిపళ్లు తెచ్చేవారు. వానలు పడగానే పశువుల పాక కారుతోందని కనక అతని పక్క లోపల వేసింది. పాక నిజంగానే కారుతోందని, కానీ అంతకుముందు ఏడు కూడా కారిందని సుక్రి చెప్పింది.

వాళ్లు అలాగే ఆ ఇంట్లో చాలాకాలం బతికారు. సోంబరు మళ్లీ ఘాటీ దిగలేదు. కనక ఇంకా చాలా పాటలు కట్టింది. ఆకలేసి మేకల్ని మింగిన మబ్బు మీద ఒక పొడుగు పాట ఉంది. మబ్బు కడుపులో మేకలు అరుస్తుంటే జనం ఉరుములనుకుని విత్తనాలు చల్లేస్తారు. మంచుపట్నం కంటే ఇదే బాగా కుదిరిందని ఆమె నమ్మకం. సంతలో ఎన్నిసార్లు పాడినా ఎవరూ పట్టుకోలేదు. ఒక్క సోంబరు మాత్రం మొత్తం నేర్చుకుని, పసుపు తవ్వేటప్పుడు పాడేవాడు. అతనికి పాడే గొంతు లేదు.